మగ్గం గుంట కొలత

మా ఇంట్ల వానను కొలిచేది మగ్గం గుంట.
కొత్తవాడల పల్లపు గల్లీ మాది.
నాలా పొంగిననాడు నీళ్లు
ముందుగాల గడప దాటి రావు,
కిందికెల్లి ఊరుతయి,
మా ఉప్పలయ్య పాదాల కాడ,
తొక్కుడు కర్రల నడుమ.

తొక్కుడు కర్రలు తడిస్తే డ్రమ్ము దించాలె.
మోకాలు మునిగితే మెయిన్ బంద్ చెయ్యాలె,
ఎండు చెప్పులేసుకొని, ఎండు కట్టెతోని.
గుంట అంచుకొస్తే ఇల్లు విడువాలె,
మైకు ఆటో వచ్చినా, రాకున్నా.

ఇదంత ఆయన
జంపఖానాల నోటుబుక్కు ఆఖరి పేజీల రాసిండు,
పోగుల లెక్క పక్కపొంటే,
అవే చీమల అసోంటి అక్షరాలు.

అటుక మీద నీలం డ్రమ్ము.
అండ్ల మక్కల సత్తుపిండి, బెల్లం,
ఉప్పెక్కువ పోసిన చింతకాయ తొక్కు.
మైనంల ముంచిన అగ్గిపుల్లలు.
అత్తమ్మ బీపీ గోలీలు పదిహేను దినాలకు.
రేషన్ కార్డు, ఆధార్లు, పాసుబుక్కు
రెండు కవర్లల్ల సుట్టి, మూతికి పడుగు దారం.
టార్చి ఉంటది గని
అండ్ల సెల్లులు తిరగేసి ఉంటయి,
ఊకెనే అరిగిపోకుంట.
పటిక ముక్క కూడా.
పటిక బురదను దించుతది, గంతే,
రోగం దిగాలంటే మరిగియ్యాలె.
ఇది కూడా నోటుబుక్కుల ఉన్నది,
కింద రెండు గీతలు కొట్టి.

అమాసకొక్కపారి పాత సత్తు తినేస్తం,
కొత్తది పట్టించి పోస్తం.
ఆ రాత్రి కరెంటున్నా బంద్.
చీకట్ల మా శ్రీనిజ
నాయనమ్మ చెయ్యి పట్టుకొని
గోడ తడుముకుంట బయటికి నడవాలె.
మొదట్ల ఏడ్సేది.
తర్వాత అడుగులు లెక్కపెట్టుడు నేర్సింది,
పద్నాలుగు.

"ఏందక్కా, జంగేమన్న జరుగుతదా?"
ఎదురింటి నఫీసా నవ్వేది.
నేను కూడా నవ్వేదాన్ని,
ఆయన మగ్గం చప్పుడు ఆపేదాక.

శ్రావణంల మూడో దినం ముసురు.
నడిజామున ఆయన లేసి
గుంటల కాలు పెట్టిండు.
"ఎంత?" అన్న.
"మోకాలు."
ఎవ్వలం ఒర్రలే.
పిల్ల పద్నాలుగు అడుగులు లెక్కపెట్టింది.
పదహారు పోగులు పేనిన తాడు
నడుముకు నడుముకు కట్టుకొని
పిక్కల లోతు నీళ్లల్ల
నఫీసా వాళ్ల డాబా మెట్లెక్కినం.
మాది పెంకుటిల్లు, వాళ్లది స్లాబు.
నోటుబుక్కుల ఆ ఇంటి పేరే రాసి ఉన్నది,
వాళ్లను అడుగకుంటనే.

తెల్లారి చూస్తే డాబా మీద పదకొండు మంది.
డ్రమ్ము మా నలుగురికి కట్టింది.
నాకు చెయ్యాడలే కాసేపు.
అబద్ధమెందుకు,
మూత మీద కూసుందామనిపించింది.

ఆయన చెంచా తీసిండు.
మనిషికి మూడు చెంచాలు, పిల్లలకు నాలుగు.
ఇగ నీళ్లు!
నింపి పెట్టిన ఇరువై లీటర్ల డబ్బా
ఎత్తలేక ఇంట్లనే ఇడిసొచ్చినం,
బురదల బోర్లపడి ఉంటది.
నా ముఖం చూసి నఫీసా
దండెం మీది పాలితీన్ పట్ట గుంజింది,
నాలుగు మూలలు కట్టి, నడుమ ఒక గులకరాయి,
కింద బిర్యానీ గంజు.
"వాన పడ్తుంటే నీళ్లకు ఏడుస్తరా అక్కా?"

రెండు రాత్రులు గట్లనే ఎల్లదీసినం.

దిగి వచ్చినంక,
మగ్గం మీది సగం జంపఖానా
ఎరుపు నీలంలకు దిగి,
ఏ రంగో చెప్పరాకుంట అయింది.
ఆయన ఏమనలే.
బకెట్‌తోని గుంట తోడుడు మొదలుపెట్టిండు,
నేను అందుకున్న, పిల్ల బయట పారబోసింది.
మాపటికి తొక్కుడు కర్రలు కనపడ్డయి.
అప్పుడు నోటుబుక్కు ఆరబెట్టి రాసిండు:
నీళ్లు చిన్న సీసాలల్ల.
పాలితీన్ పట్ట ఒకటి.
తర్వాత నాలుగు కొట్టేసి
పదకొండు.

వచ్చే అమాసకు నఫీసా వచ్చింది,
సంకల ఒక పసుపు డ్రమ్ము,
ఇంక నూనె వాసన పోలే.
అరుగు మీద పెట్టి,
చేతుల టార్చి నా దిక్కు చాపి అడిగింది,
"ఈ సెల్లులు ఎటు తిరగెయ్యాలె?"